క్యాలెండరు గళ్ళలో ఇల్లాలి చరిత్ర



వంటింటి గోడకి వేలాడే క్యాలెండరు వైపు ఒక్కసారి చూడండి. ఆ గళ్ళలో ఏమేమున్నాయి? 7వ తారీకు గడిలో 'గ్యా' అని ఉంటుంది. అంటే ఆ రోజు కొత్త గ్యాసు బండ పెట్టామన్న మాట. 12, 13 తేదీల మీద ఇంటూ గుర్తులు. ఆ రెండు పూటలూ పాలు రాలేదు. 18 పక్కన '40 - ప' అని ఉంటే పనమ్మాయి నలభై రూపాయలు చేబదులు తీసుకుందనో, పక్కింటివాళ్ళకి మనం నలభై రూపాయలు ఇవ్వాలనో అర్థం. ఏదన్నది మనకొక్కరికే తెలుసు. ఎంతటి చదువుకున్న మగవాడైనా ఆ గళ్ళు చదివి అర్థం చెప్పలేడు. మా ఇంట్లో అయితే, ఆ గీతల సంగతి అడగకుండా పాత క్యాలెండరు తీసెయ్యకూడదని అందరికీ తెలుసు.

ఇప్పుడు నేనొక మాట అంటాను, నవ్వకండి. మనమందరం డైరీ రాస్తున్నాం! కాకపోతే మనం రాసేదాన్ని డైరీ అనుకోవడంలేదు, అంతే.

"డైరీలు రాయడానికి మేమేమైనా మంత్రులమా, కవులమా? పొద్దున్న లేస్తే కాఫీ, టిఫిను, బాక్సులు, బట్టలు. ఇందులో రాయడానికి ఏముందండీ?" అని మీరంటారు. అదిగో, ఆ 'ఏముంది' అన్న మాట గురించే ఈవేళ నాలుగు ముక్కలు చెప్పుకుందామని. సాయంత్రం ఇంటికొచ్చినవాళ్ళు "రోజంతా ఏం చేశావు?" అని అడిగితే మన నోటికి ముందుగా వచ్చేది ఆ మాటే గదా. "ఏముంది, ఏం లేదు." పదహారు గంటలు కాలు నిలవకుండా తిరిగి, చివరికి మన నోటితో మనమే అదంతా సున్నా చుట్టేస్తాం.

మరి ఇంటి సంగతులు, ఖర్చుల లెక్కలు, చిల్లర మల్లర విషయాలు రాసుకుంటే వాటికేమైనా విలువ ఉంటుందా? మా జిల్లా నుంచే మొదలుపెడతాను.

ఖమ్మం దగ్గర నేలకొండపల్లి ఉంది. కంచెర్ల గోపన్నగారు పుట్టిన ఊరు. ఆయనే మన భద్రాచల రామదాసు. 17వ శతాబ్దంలో గోల్కొండ నవాబుల కాలంలో పాల్వంచ పరగణాకి తహశీల్దారుగా ఉండి, సర్కారు సొమ్ముతో భద్రాద్రి రామునికి గుడి కట్టించి, గోల్కొండలో చెరసాల పాలయ్యారన్న కథ మీ అందరికీ తెలిసిందే. చెరసాలలో ఆయన పాడిన 'ఇక్ష్వాకు కుల తిలక' కీర్తన ఈసారి వినేటప్పుడు భక్తితోపాటు కొంచెం గృహిణి చెవితో కూడా వినండి. అది లెక్కల పుస్తకమమ్మా! సీతమ్మవారికి ఏ నగ చేయించాడు, లక్ష్మణుడికి ఏది, భరతుడికి ఏది, దేనికి ఎన్ని వరహాలు పట్టాయి - ఒక్కొక్క పద్దూ చెప్పి మరీ రాముణ్ణి నిలదీస్తాడు. నెలాఖరున సంచీ ఖాళీ అయ్యాక "నీ కోసం అది కొన్నాను, నీ పిల్లల కోసం ఇది కొన్నాను, ఇప్పుడు పలకవేం?" అని మనం అనే మాటకీ, ఆ కీర్తనలో ఉన్న బాధకీ చుట్టరికం లేదంటారా? ఇంటి పద్దులాంటి ఆ పాటని మూడు వందల ఏళ్ళు దాటినా జనం కన్నీళ్ళతో పాడుకుంటున్నారు.

ఇంకొక ఉదాహరణ. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న కాశీయాత్రకి బయలుదేరారు. హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ వెళ్ళి, గయ, కలకత్తా, పూరీ చూసుకుని 1831 సెప్టెంబరులో ఇల్లు చేరారు. దారిలో చూసిందల్లా రాసి కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళె అనే స్నేహితుడికి పంపుతూ వచ్చారు. 1838లో అది 'కాశీయాత్ర చరిత్ర' అని పుస్తకంగా వచ్చింది. అందులో దేవుళ్ళూ గుళ్ళూ మాత్రమే ఉన్నాయనుకునేరు. ఏ ఊళ్ళో నీళ్ళు మంచివి, ఎక్కడ ఏ సామాను దొరుకుతుంది, దారి రాళ్ళా బురదా, ఎక్కడ ఏ సుంకం పిండుతున్నారు - అన్నీ ఉన్నాయి. ఈవేళ ఆ కాలం తెలుగునాడు ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే పెద్ద పెద్ద చరిత్రకారులు కూడా ఆ పుస్తకం తీయాల్సిందే. ఆయన చేసిన పని ఏమిటి? చూసింది చూసినట్టు, ఏ రోజుది ఆ రోజు, చిన్నదని వదలకుండా రాయడం.

దొరల దేశంలో కూడా ఇంతే. శామ్యూల్ పెపిస్ అని లండన్‌లో ఒక సర్కారు ఉద్యోగి ఉండేవాడు. 1660 నుంచి 1669 దాకా తొమ్మిదేళ్ళకు పైగా, ఎవరికీ అర్థం కాకుండా పొట్టిలిపిలో డైరీ రాశాడు. 1666లో లండన్ మహానగరం తగలబడిపోయింది. మంటలు ఇంటివైపు వస్తుంటే ఈ పెద్దమనిషి తోటలో గొయ్యి తవ్వించి ఏం దాచాడనుకున్నారు? ద్రాక్షసారా, దానితో పాటు పార్మెజాన్ అనే ఖరీదైన జున్ను! ఊరు తగలబడుతుంటే మనం ఆవకాయ జాడీ పెరట్లో పాతిపెట్టినట్టు అన్న మాట. ఆ అగ్నిప్రమాదం గురించి రాసినవాళ్ళు ఎంతమంది ఉన్నా, జనం ఇప్పటికీ గుర్తు పెట్టుకుని నవ్వుకునేది మాత్రం ఆ జున్ను గురించే.

ఇంతవరకూ నవ్వుకున్నాం. ఇక్కడ నవ్వు కాస్త ఆపాలి. అదే డైరీలో 1663 జనవరి 9న ఇంకో సంగతి ఉంది. పెపిస్‌గారి భార్య ఎలిజబెత్ తన ఒంటరితనం గురించి, తన జీవితంలో సంతోషం లేకపోవడం గురించి ఒక కాగితం రాసుకుంది. దాన్ని ఆయనకి చదివి వినిపించింది. ఆయనకి కోపం వచ్చింది. ఎవరైనా చదివితే తన పరువు పోతుందని, ఆమె కళ్ళెదుటే ఆ కాగితం చింపేశాడు. ఆమె దాచుకున్న మిగతా కాగితాలు కూడా చింపాడు. ఈ విషయం మనకెలా తెలిసింది? ఆయనే తన డైరీలో రాసుకున్నాడు గనక! జున్ను సంగతి ఉంది, భార్య మనసులోని మాట మాత్రం ముక్కలైపోయింది. ఆమె ఏం రాసిందో ఆమె మాటల్లో ఇక ఎవరికీ తెలియదు.

మన దేశంలో మాత్రం తక్కువా? బెంగాలులో రాససుందరీదేవి అనే ఇల్లాలు ఉండేది. 19వ శతాబ్దం మొదట్లో పుట్టింది. పన్నెండేళ్ళకి పెళ్ళి, ఇంటెడు చాకిరీ, పిల్లల మీద పిల్లలు. ఆడది అక్షరం ముట్టుకుంటే తప్పనే రోజులవి. ఆవిడ చైతన్య భాగవతం పుస్తకంలోంచి ఒక ఆకు తీసి వంటింట్లో దాచుకుంది. కొడుకు అక్షరాలు దిద్దిన తాటాకు ఒకటి సంపాదించింది. వంట చేస్తూ, ఎవరూ చూడకుండా, ఆ ఆకులోని అక్షరాన్నీ ఈ ఆకులోని అక్షరాన్నీ పోల్చుకుంటూ తనంతట తానే చదవడం నేర్చుకుంది. తరువాత రాయడం కూడా నేర్చుకుని తన జీవితకథ రాసింది. బెంగాలీ భాషలో అచ్చయిన మొదటి ఆత్మకథ అదే. పండితుల పుస్తకం కాదండీ, పొయ్యి దగ్గర కూర్చున్న ఇల్లాలి పుస్తకం!

మాకు పొరుగునే ఉన్న నందిగామ ప్రాంతంలో 1874లో పుట్టిన బండారు అచ్చమాంబగారు కూడా బడికి వెళ్ళి చదువుకోలేదు. చిన్నప్పుడే పెళ్ళయింది. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుగారి చదువు పక్కనే కూర్చుని తానూ నేర్చుకుంది. మన దేశపు స్త్రీల జీవితాలన్నీ వెతికి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసింది. 1902లో 'ధన త్రయోదశి' అనే కథ రాసింది. పండగ ముంగిట చేతిలో డబ్బులేని ఒక ఇల్లాలి కథ అది. 1905లో, ముప్పయ్యొక్క ఏళ్ళు కూడా నిండకుండానే కన్నుమూసింది. ఆడవాళ్ళ గురించి ఎవరూ రాయకపోతే ఆడవాళ్ళే రాసుకోవాలని ఆవిడ నూట ఇరవై ఏళ్ళ కిందటే చేసి చూపించింది.

ఇప్పుడు మా ఊరికి వస్తాను. వైరా అంటే ఖమ్మం నుంచి సత్తుపల్లి వైపు పోయే రోడ్డు మీద ఊరు. ఇప్పుడు మునిసిపాలిటీ కూడా అయింది, 2018లో. ఊరి పేరు చెప్పగానే ఎవరికైనా గుర్తొచ్చేది మా రిజర్వాయరు. నిజాం కాలంలో, 1930లో పూర్తయింది. ఆ రోజుల్లో హైదరాబాదు సంస్థానంలో చీఫ్ ఇంజనీరుగా ఉన్న నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్‌గారి హయాములో కట్టింది. నిజాంసాగర్ కూడా ఆయన చలవే. ఆయన పుట్టినరోజు జులై 11ని తెలంగాణాలో ఇంజనీర్ల దినంగా జరుపుతారు. మా చెరువు నిండితే 18 అడుగుల పైచిలుకు నీరుంటుంది, దాని కింద 17 వేల ఎకరాలకు పైగా ఆయకట్టు ఉంది. చూశారా, కట్టించినవారి పేరు, అడుగులు, ఎకరాలు అన్నీ కాగితం మీద ఉన్నాయి. బాగానే ఉంది. ఆ కాలంలో ఇలాంటి కట్టల పనంటే యంత్రాలు తక్కువ, మనుషుల నెత్తులే ఎక్కువ. నెత్తిన మట్టి తట్టలు మోసేవాళ్ళలో సగం మంది ఆడవాళ్ళే ఉండేవారని మా పెద్దవాళ్ళు చెప్పేవారు. వాళ్ళు పొద్దున్నే ఏం తిని వచ్చారు, చంటిపిల్లని ఏ చెట్టుకి ఉయ్యాల కట్టి పడుకోబెట్టారు, కూలి చేతికొచ్చిన సాయంత్రం ఏం కొనుక్కున్నారు? అడుగులూ ఎకరాలూ రాసిన కాగితాల్లో ఆ సంగతులకి గడి లేదు.

మా వారి నాయనమ్మగారి సంగతే చూడండి. 1940ల్లో కొత్తకోడలిగా వచ్చినప్పుడు మా ప్రాంతం నిజాం రాజ్యం, వరంగల్ జిల్లా. 1948 తరువాత నిజాం రాజ్యం పోయింది. 1953లో ఖమ్మం జిల్లా వేరుపడింది. 1956లో ఆంధ్రప్రదేశ్ అయింది. ఆవిడ ఇంట్లోంచి అడుగు బయట పెట్టకుండానే ఒక రాజ్యం, ఒక జిల్లా, ఒక రాష్ట్రం మారిపోయాయి! ఇప్పుడు తెలంగాణా. కాగితాల మీద చిరునామా నాలుగుసార్లు మారినా ఆవిడ పొయ్యి మాత్రం ఆగ్నేయ మూలనుంచి జానెడు కదల్లేదు. తేదీలు మారిన సంగతి పుస్తకాల్లో ఉంది. రజాకార్ల రోజుల్లో ఆ పొయ్యి మీద ఏం ఉడికింది, ఎన్ని పూటలు ఉడకలేదు అన్నది ఆవిడ నోటితో చెబితే విన్న నాలుగు ముక్కలే మాకు మిగిలాయి.

ఇక మా అత్తగారి ఆవకాయ. ఆవిడకి శేరూ సోలా కొలతలుండేవి కావు. అంతా గుప్పెట్లోనే. "ఇన్ని ముక్కలకి ఇన్ని గుప్పెళ్ళు కారం, ఇన్ని గుప్పెళ్ళు ఆవపిండి" అనేవారు. ఆవిడ పోయాక తోడికోడళ్ళం ముగ్గురం ప్రతి వేసవిలోనూ పెడుతున్నాం. ముగ్గురివీ మూడు రుచులు. "అసలు అత్తయ్య ఆవకాయ ఇదీ" అని ముగ్గురమూ దేవుడి మీద ఒట్టేసి చెబుతాం. నిజం ఏమిటంటే ఆవిడ గుప్పెడు ఆవిడతోనే పోయింది. ఒక్క చిన్న కాగితం ముక్క ఉండి ఉంటే ముగ్గురింట్లోనూ ఈపాటికి ఒకే రుచి ఉండేది. ఏటేటా వేసవిలో ఈ కీచులాట కూడా ఉండేది కాదు.

"ఇదంతా మనసుకి సంబంధించింది, లోకంలో దీనికేం విలువ?" అంటారేమో. లోకం కూడా ఈ మధ్యనే లెక్కపెట్టడం మొదలుపెట్టింది. కేంద్రప్రభుత్వ గణాంకశాఖవారు 2019లో ఒకసారి, 2024లో మరొకసారి దేశమంతా సర్వే చేశారు. ఎవరు ఏ పనికి ఎంత సమయం ఖర్చుపెడుతున్నారని దాని సారాంశం. తెల్లవారుజామున 4 గంటల నుంచి మర్నాడు తెల్లవారుజాము 4 దాకా, అరగంటకొక గడి చొప్పున, ఏం చేశారని అడిగి రాసుకున్నారు. అంటే మన క్యాలెండరు గళ్ళలాంటివే! ఒక అరగంటలో రెండు మూడు పనులు కలిసిపోతే మూడింటి దాకా రాస్తారట. పొద్దున్న ఏడు గంటలప్పుడు మన అరగంటకి మూడు గళ్ళేం సరిపోతాయి చెప్పండి?

2024 లెక్క ఇదీ: జీతంలేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 289 నిమిషాలు ఆ పనిలోనే ఉంటారు. అంటే ఐదు గంటలకి పదకొండు నిమిషాలు తక్కువ. ఆ పని చేసే మగవాళ్ళయితే 88 నిమిషాలు. అదీ చేసేవాళ్ళు! ఆడవాళ్ళలో నూటికి ఎనభైమందికి పైగా చేస్తుంటే, మగవాళ్ళలో నాలుగోవంతుకి కాస్త పైన, అంతే. పిల్లల్నీ ముసలివాళ్ళనీ చూసుకునే సమయం ఇందులో కలపలేదు. దాని లెక్క వేరే.

న్యాయస్థానాలు కూడా ఈ మాట పట్టించుకున్నాయి. 2001 జనాభా లెక్కల్లో ఇల్లాళ్ళని బిచ్చగాళ్ళతో, ఖైదీలతో కలిపి 'పని చేయనివారి' జాబితాలో వేశారని 2010లో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. 2021 జనవరి 5న రోడ్డు ప్రమాదంలో చనిపోయిన ఒక దంపతుల కేసులో తీర్పు వచ్చింది. కృష్ణాజిల్లా పొన్నవరంలో పుట్టిన మన తెలుగు న్యాయమూర్తి ఎన్.వి.రమణగారు అందులో ఇల్లాలి పనులు ఒక్కొక్కటీ విడమరిచి రాశారు. వంట, సరుకులు, శుభ్రం, పిల్లలు, పెద్దలు, ఇంటి ఖర్చుల సర్దుబాటు - ఇదంతా పనేనని, నష్టపరిహారం కట్టేటప్పుడు దానికి విలువ వేయాలని అన్నారు. ఆయనే తరువాత భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. సుప్రీంకోర్టు పనే అన్న తరువాత కూడా మనం 'ఏముంది, ఏం లేదు' అనడం భావ్యమేనా?

అందుకని నేను చెప్పొచ్చేదేమిటంటే, రోజుకి నాలుగు వాక్యాలు రాసుకోండి. పదో తరగతితో చదువు ఆపిన నేనే రాస్తున్నాను, మీకేం? దీనికి బంగారు అంచు డైరీలు అక్కర్లేదు. పిల్లల పాత నోటు పుస్తకాల్లో వెనక పేజీలు ఎన్ని మిగిలిపోవడంలేదు? ఒకటి దేని ధర ఎంత, రెండు ఏం వండాను ఎలా వండాను, మూడు ఇవాళ విన్న కొత్త మాటో కొత్త విషయమో, నాలుగు దేనికి నవ్వాను లేక దేనికి కళ్ళనీళ్ళు వచ్చాయి. ఇంతే. పడుకోబోయే ముందు, పాలు తోడుపెట్టి చెయ్యి తుడుచుకున్నాక ఐదు నిమిషాలు చాలు.

నా పుస్తకంలోంచి ఒక వారం వినిపిస్తాను.

సోమవారం: వరంగల్ వైపు నుంచి వచ్చిన పక్కింటావిడ "పుంటికూర పప్పు" అని గిన్నెడు పంపింది. చూస్తే మన గోంగూరే! మా పుట్టింట్లో బంగాళాదుంప, మా అత్తింట్లో ఆలుగడ్డ. పెళ్ళయి వచ్చిన కొత్తలో రెండూ వేరు వేరు కూరలనుకుంటారు ఆడపిల్లలు.

మంగళవారం: మా వారు ఉప్పెక్కడుందని అడిగారు. ఇరవై ఏళ్ళుగా ఒకే డబ్బాలో ఉంది. డబ్బా మీద మాత్రం 'కాఫీపొడి' అని రాసి ఉంది. అది చూసి ఆయన తికమక పడటం సహజమే గదా అనిపించింది గానీ, పైకి అనలేదు.

బుధవారం: కారం పట్టించాను. ఖమ్మం మార్కెట్టు తేజ రకం మిర్చి, మర దగ్గర నిలబడితేనే తుమ్ములు. ఇంత పేరున్న మిరపకాయ అసలు మన దేశపు పంటే కాదట. అమెరికా ఖండంలో పుట్టి, పోర్చుగీసువాళ్ళ ఓడల్లో మన తీరానికి వచ్చిందట. అంతకు ముందు మనవాళ్ళకి ఘాటంటే మిరియమే. అంటే సీతమ్మవారు వండిన పప్పులో ఎండుమిరపకాయ తాలింపు లేదన్న మాట!

గురువారం: విశేషం ఏమీ లేదు. చెరువు కట్ట మీద తెల్లకొంగలు. నీళ్ళు ఎండకి మెరుస్తున్నాయి. కాసేపు నిలబడ్డాను.

ఈ గురువారం మాటే నాకు అన్నిటికంటే ఇష్టం. విశేషం లేని రోజు కూడా ఒక రోజేనని కాగితం మీద పెడితేనే తెలిసింది.

ఎవరైనా చదువుతారేమోనని భయమా? చదవనివ్వండి. మొదట నవ్వుతారు, తరువాత తమ పేరు ఎక్కడుందో వెతుక్కుంటారు. మా ఇంట్లో అదే జరిగింది. మనసులో గట్టి బాధే ఉంటే అది రాసిన పేజీ వేరే దాచుకోండి. రాససుందరీదేవికి వంటిల్లే భద్రమైన చోటైంది. మన పప్పు డబ్బాల వెనక్కి ఎవరు చూడొస్తారు? చింపకుండా మాత్రం జాగ్రత్త పడండి, మీరు కూడా చింపకండి. ఎప్పుడో ఒకనాడు మీ మనవరాలు ఆ పుస్తకం తెరిచి "మా అమ్మమ్మ రోజుల్లో టమాటా ధర ఇంతట, గ్యాసు బండ ఇన్ని రోజులు వచ్చేదట, ఆవకాయకి కారం ఇన్ని గుప్పెళ్ళట" అని చదువుతుంది. అప్పుడు మీ గుప్పెడు మీతో పోదు.

అన్నట్టు గుప్పెడంటే ఎంతో కూడా రాయండమ్మా. గ్లాసుతో కొలిచి రాయండి. మీ కోడళ్ళకి పోట్లాడుకోవడానికి వేరే విషయాలు ఎలాగూ దొరుకుతాయి.